వాముకు లొంగని గ్యాస్

లెస్టర్, ఇంగ్లండ్,
7 అక్టోబరు 2018, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు వనితకు,

హంసక్క ఆశీస్సులు. జై శ్రీకృష్ణ. బోల్టన్‌లో నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. తలుస్తాను అనే రాయాలి మరి, ఎనిమిదేళ్లుగా నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. దీపావళి కార్డు మీద అచ్చేసిన మీ నలుగురి పేర్లు చూసుకుని సరిపెట్టుకుంటున్నాను. అమ్మ పోయిన రోజు వంటింట్లో నువ్వు “నా ఉత్తరం అందిందా అక్కా?” అని అడిగావు. అందలేదని ఆ రోజే చెప్పాను కదా. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇది చదివాక ఒక్కసారి మాట్లాడు, తిట్టినా సరే.

ముందు కబుర్లు. మీ బావగారు రిటైరయ్యారు. నేను బెండకాయలు తరుగుతుంటే వెనక నిలబడి, ఇంకా సన్నగా తరగమంటారు. మా అమ్మాయి భావనకు రెండో బాబు పుట్టాడు. నేను పనిచేసిన బనియన్ల ఫ్యాక్టరీ మూసేశారు. ఇరవై ఆరేళ్లు మిషన్ల మోతలో బతికినదాన్ని, ఇంట్లో నిశ్శబ్దానికి ఉక్కిరిబిక్కిరి అయిపోయాను.

అప్పుడే నాకు గ్యాస్ మొదలైంది. మన ఆడవాళ్లకు తెలిసిన జబ్బు అదొక్కటే కదా! గుండె బిగుసుకుంటే గ్యాస్, నిద్ర పట్టకపోతే గ్యాస్, ఊరికే ఏడుపొస్తే గ్యాస్, కోడలు అవని తన కూతుర్ని చేతికిస్తే ఎత్తుకోబుద్ధి కాకపోతే అదీ గ్యాసే. రెండేళ్లు పొద్దునా సాయంత్రం వాము నీళ్లు తాగాను. ఇల్లంతా వాము కంపు కొట్టేది.

డాక్టరు దగ్గరకూ వెళ్లాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి అవని పక్కన కూర్చుని చెప్పేది. ఒకసారి, “అత్తయ్యా, బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా అని అడుగుతున్నారు” అంది. కోడలి మొహం చూస్తూ అలాంటి మాట ఎవరు చెబుతారు? “నాకేమే, నిక్షేపంగా ఉన్నానని చెప్పు” అని నవ్వాను. అదీ నవ్వింది. డాక్టరు కూడా నవ్వి ఇంటికి పంపేశాడు.

మార్చిలో చీరల కొట్లో కూలబడ్డాను. అంబులెన్సు వచ్చింది. గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ నా మొహం చూసి, అవనిని బయట కూర్చోమని, మన గుజరాతీ వచ్చిన మీరాబెన్ అనే ఆవిడను పిలిపించింది. మీరాబెన్ ఏ ప్రశ్నా అడగలేదు. మంగళవారాలు కమ్యూనిటీ హాల్లో అప్పడాల క్లాసు పెడుతున్నానని, రమ్మని చెప్పింది.

మూడు వారాలు అది నిజంగా అప్పడాల క్లాసే అనుకున్నానే! మినప్పిండి చూసి “ఇది పిండా, సిమెంటా?” అని అందర్నీ గదమాయించాను. నూనె రాసి ఎలా దంచాలో చూపించాను. నాలుగో వారం, నా పక్కన కూర్చునే రమీలాబెన్ అప్పడాల కర్ర అవతల పడేసి, “హంసాబెన్, నువ్వు మాకు నేర్పడానికొచ్చావా, ఏడవడానికొచ్చావా?” అంది. ఏడవడమేమిటన్నాను. “ఓసి పిచ్చిదానా, ఇక్కడ అందరం అందుకే వస్తాం. అప్పడాలు మన మొగుళ్లకు చూపించడానికి!” అంది.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. పళ్లెం మీద వంగి ఎంతసేపు ఏడ్చానో. “చాలమ్మా, ఇంక పిండిలో ఉప్పు వెయ్యక్కర్లేదు” అంది రమీలాబెన్. ఏడుస్తూనే నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో ఆ క్షణాన తెలిసింది.

ఇప్పుడు బాగున్నాను వనితా, మాట వరసకు కాదు. రోజుకో చిన్న మాత్ర వేసుకుంటున్నాను. నిద్ర పడుతోంది. మనవరాలు నా చంక దిగడం లేదు. మీ బావగారు మొదట్లో, “మన ఇళ్లల్లో ఇలాంటివి ఉండవు” అన్నారు. ఇప్పుడు తనే కారులో దింపి, “ఈ వారం మిరియాలవా, జీలకర్రవా?” అని అడుగుతున్నారు. ఎండ లేని ఊరు కదా, ఇంట్లో ప్రతి హీటరు మీదా దుప్పటి, దుప్పటి మీద అప్పడాలు.

బాగయ్యాక నువ్వే గుర్తొస్తున్నావు. రిద్ధి పుట్టాక నిన్ను రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచితే, పిత్తాశయం ఆపరేషనని ఊరంతా చెప్పాం. పిల్ల పుట్టగానే గారాలు పోతోందని అన్నది నేనే. నాకు రాకపోతే ఆ బాధ ఎప్పటికీ తెలిసేది కాదు. నన్ను క్షమించు.

పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే
అక్క హంస.

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. వనితా, నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. గుండె బిగుసుకుపోతోందనీ, పాపను చూస్తే ఏమీ అనిపించడం లేదనీ, నాలుగు రోజులు వచ్చి ఉండమనీ రాశావు. అప్పుడు భావనకు సంబంధం మాట్లాడుతున్నాం. పిన్నికి మతి చలించిందని తెలిస్తే వాళ్లు వెనక్కి పోతారని భయపడ్డాను. ఉత్తరం వంటింటి సొరుగులో పరిచిన కాగితం కింద దాచి, బోల్టన్ వెళ్లేవాళ్ల చేత నీకు అరకిలో వాము పంపాను. గుండె సంగతి చదవకపోతే వాము ఎందుకు పంపుతాను? నీకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా అమ్మ పోయిన రోజు నాకు నిజం చెప్పే అవకాశం ఇచ్చావు. నేను చెప్పలేదు.

ఈ మాట మీరాబెన్‌కు కూడా చెప్పలేదు. ముందు నీకే చెప్పాలి. గురువారం బస్సుకు టికెట్టు తీసుకున్నాను. నవరాత్రుల్లో గర్బా ఆడకుండా నేను ఊరెళ్లడమేమిటని మీ బావగారు నోరెళ్లబెట్టారు. నువ్వడిగిన నాలుగు రోజులూ ఉంటాను, పదకొండేళ్లు ఆలస్యంగా. నువ్వు తలుపు తియ్యకపోతే మెట్టు మీద కూర్చుంటాను. అప్పడాలు తెస్తున్నాను. వాటిలో వాము వెయ్యలేదు.