జాయ్ జబ్బు పడిన వారం

2-8-85, శుక్రవారం

అన్నయ్య కువైట్ తిరిగి వెళ్ళి నెల దాటింది. ఫ్యామిలీ వీసా సంగతి తేలలేదు. తేలేవరకు వదినా, పాపా మామిడికుదురులో మా దగ్గరే.

వదినది ఫిలిప్పీన్స్. అసలు పేరు లుజ్‌విమిండా. వీధిలో పిల్లలు "లూజు" అని నవ్వుతుంటే అమ్మే లూసమ్మ అని మార్చింది. వదినకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. హైస్కూల్లో పిల్లలకు టెన్సులు చెప్పే ఇంగ్లీషుతో ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలు మోస్తున్నాను. కొన్ని మాటలు దారిలోనే జారవిడుస్తాను. అత్తగారి కూరలో కారం ఎక్కువని వదిన అంటే, చాలా బాగుందట అని చెబుతాను. సుఖంగా ఉంది.

ఇవాళ అమ్మ ఉపవాస ప్రార్థన నుంచి ఎండలో నడిచొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా జాయ్‌ని ఎత్తుకుని పొట్ట మీద ముద్దులు పెట్టింది. బంగారు బొమ్మ అంది. రెండేళ్ళ పిల్ల, కిలకిలా నవ్వింది. వదిన మొహం ముడుచుకుంది. ఎందుకో నేను అడగలేదు.

3-8-85, శనివారం

జాయ్‌కి తెల్లవారుజాము నుంచి వాంతులు, లూజ్ మోషన్స్. ఒళ్ళు వెచ్చగా ఉంది.

వదిన నన్ను పక్కకు పిలిచింది. వాళ్ళ ఊళ్ళో దీన్ని ఉసోగ్ అంటారట. ఆకలితో, అలసటతో బయటి నుంచి వచ్చినవాళ్ళు పిల్లను ముద్దు చేస్తే తగులుతుందట. తగిలించినవాళ్ళే వేలికి ఉమ్మి తడి చేసుకుని పిల్ల పొట్టకు రాయాలట. అత్తగారిని రాయమని చెప్పు అంది. తనకది ఎంత మామూలు సంగతో గొంతులో తెలుస్తోంది. మనం గ్లాసెడు మంచినీళ్ళు ఇమ్మన్నట్టు అడిగింది.

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకపోతే ఏ పాపం చుట్టుకుంటుందోనని భయం.

అమ్మ అంది: "పసిపిల్లకి నా ఎంగిలి పూయమంటాదా? నా మనవరాలికి నేనే తగిలేనంటాదా?"

సాయంత్రం అమ్మ తలుపేసుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. పోయిన ఆదివారం చర్చిలో ఎవరి కళ్ళో పడ్డాయంది. పాస్టరు గారితో అనొద్దంది. దిష్టి అని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఎవరిదన్నదే తగువు.

4-8-85, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. మోషన్స్ ఆగలేదు. గుడ్డలు ఉతికి ఆరేస్తుంటే వాన.

వదిన బియ్యం మెత్తగా ఉడికించి, పలచగా వార్చి, ఉప్పు వేసి గ్లాసులో పోసింది. అమ్మ ఆ గ్లాసు లాక్కుంది. విరేచనాల పిల్లకి గంజి పోస్తే ఇంకా పోతుందట, కడుపు ఎండగట్టాలట. మమ్మల్నందరినీ అలాగే పెంచిందట. నీళ్ళు కూడా వద్దంది. నోరు తడిపితే చాలంది.

జాయ్ మంచం మీద నుంచి "ఆమ్" అంది.

వదిన గ్లాసు కోసం చెయ్యి చాపింది. వాళ్ళ భాషలో గంజినీళ్ళనే ఆమ్ అంటారట, పాప అదే అడుగుతోందట. అమ్మేమో, అన్నం అడుగుతోంది, ఇప్పుడు పెడితే చంపుకున్నట్టే అని. పిల్ల మళ్ళీ "ఆమ్" అంది. ఇద్దరూ నా వైపు చూశారు.

నేను వానకి తడుస్తున్న గుడ్డలు తియ్యడానికి లేచాను. అమ్మ గ్లాసు పెరట్లో పారబోసింది.

5-8-85, సోమవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మ దానమ్మ గారిని పిలిపించింది. పిల్లలకి అంగిట్లో ముల్లు దిగితేనే ఇలా వాంతులవుతాయని మా వైపు నమ్మకం. దానమ్మ గారు వేలు పెట్టి నొక్కి తీస్తారు. ఏం చేస్తారని వదిన అడిగింది. ఊరికే నోరు చూస్తారని చెప్పాను. నిజం చెబితే పిల్లని ఇవ్వదు. ఇవ్వకపోతే అమ్మ ఊరుకోదు.

వేలు తీసేసరికి నెత్తురు. వదిన కేక నాకు తెలియని వాళ్ళ భాషలో. పిల్లని లాక్కుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు అవతలి నుంచి ఇంగ్లీషులో ఒకే మాట: నువ్వు చదువుకున్నదానివి.

ఆ తర్వాత గదిలో కిరసనాయిలు స్టవ్ చప్పుడు. గంజి కాస్తోంది. పడుతోందో, వాంతి అవుతోందో.

6-8-85, మంగళవారం

జాయ్ ఏడుస్తోంది, కన్నీళ్ళు రావడం లేదు. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే నిలబడుతోంది.

ఆర్.ఎం.పి. నరసింహమూర్తి గారు చూసి, తన వల్ల కాదు, సెలైన్ ఎక్కించాలి, ఇప్పుడే తీసుకెళ్ళండి అన్నారు. రాజోలు రోడ్డు మీదకి నీళ్ళొచ్చి బస్సులు లేవు. అమలాపురం వెళ్ళాలంటే పాశర్లపూడి దగ్గర వైనతేయ పాయ దాటాలి. గోదావరి పోటు మీద ఉంది. జనాన్ని దాటించే పంటు ఆపేశారు. రేవులో చీకటి పడేదాకా నిలబడి వెనక్కి వచ్చాం.

ప్రభువా.

7-8-85, బుధవారం

పొద్దున్నే మళ్ళీ రేవుకి. పంటు లేదు. మోషే అనే ఆయన నాటుపడవ కట్టుకుని కూర్చున్నాడు. అమ్మ వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన లేచి నిలబడి, "అమ్మమ్మా, అంత పనొద్దండి. పాపని పట్టుకుని నడిమజ్జన కూకోండి. కదలకండి," అన్నాడు.

నీళ్ళు ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ. అరటిబోదెలు కొట్టుకొస్తున్నాయి. వదిన ఒళ్ళో జాయ్. ఎదురుగా అమ్మ, మీద గొడుగు పట్టుకుని. శనివారం నుంచి ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నడి ఏట్లో జాయ్ ఒళ్ళు బిగుసుకుని, కళ్ళు తేలేసింది. వదిన పేరు పెట్టి పిలుస్తోంది, పిలుస్తోంది.

అమ్మ గొడుగు వదిలేసింది. అది ఏట్లో పడిపోయింది. వేలు నోట్లో పెట్టుకుని తడి చేసుకుని, పిల్ల గౌను ఎత్తి పొట్ట మీద రాసింది. మళ్ళీ తడి చేసుకుంది. మళ్ళీ రాసింది. "నాదే అమ్మా, నాదే, నేనే తగిలేను, వదిలేయ్ తల్లీ," అంటోంది. వదినకి ఆ మాటలు తెలియవు. అమ్మ చెయ్యి పట్టుకుని తనూ పొట్ట మీద అదిమింది.

అవతల బోడసకుర్రు గట్టున దిగేసరికి జాయ్ లేదు.

అయినా రిక్షా ఎక్కి అమలాపురం దాకా వెళ్ళాం. డాక్టరు గారు చూసి తల అడ్డంగా ఊపారు. నన్ను పక్కకు పిలిచి, నీళ్ళన్నీ పోయాయి, పట్టిస్తూ ఉండాల్సింది అన్నారు. అది ఎవరికీ అనువాదం చెయ్యలేదు.

8-8-85

చర్చి వెనక సమాధి చేశాం. అన్నయ్యకి టెలిగ్రాం ఇచ్చాను.

11-8-85, ఆదివారం

అమ్మ బుధవారం నుంచి అన్నం ముట్టలేదు. కాఫీ నీళ్ళు తప్ప ఏమీ లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరితోనూ నా ముద్దే తగిలింది, నా నోరే మింగింది అంటోంది. లూసమ్మ ముందే చెప్పింది, రోషానికి పోయి వినలేదు, అప్పుడే రాసుంటే బతికేది అంటోంది. గంజి గ్లాసు మాట ఎత్తదు. దానమ్మ గారి మాట ఎత్తదు. ఆ ఉమ్మి ఒక్కటే.

ఏమంటున్నారని వదిన అడిగింది. ఇక ఏదీ దాచకూడదనుకున్నాను. మొత్తం చెప్పాను. వదిన మొహం పాలిపోయింది. ఉసోగ్ కాదు, చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పింది చెప్పాను, భయపడి చెప్పాను, ఆమె వల్ల కాదని చెప్పు అంది.

వెళ్ళి చెప్పాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "నువ్వు కల్పించి చెప్తన్నావు. నీకది అలవాటే కదా," అంది.

ఒట్టు వేశాను. నమ్మలేదు. నన్నెందుకు నమ్మాలి?

13-8-85, మంగళవారం

వదిన పొద్దుటి నుంచి నా వెంటే తిరుగుతోంది. ఒక్క వాక్యం నేర్పమంది. ఇంగ్లీషు అక్షరాల్లో అరచేతి మీద రాసుకుంది. బావి దగ్గర, పొయ్యి దగ్గర, పెదాలు కదుపుతూనే ఉంది. 'ల్ల' ఒత్తి పలకలేకపోతోంది. 'అత్తయ్యగారు' అనబోయి మూడుచోట్ల ఆగుతుంది. తేలిక మాటలు పెడతానంటే వద్దంది. కోడళ్ళు ఎలా అంటారో అలాగే కావాలంది.

14-8-85

మధ్యాహ్నం వదిన అమ్మ ముందు నేల మీద కూర్చుని అంది: "అత్తయ్య గారూ. మీ వల్ల కాదండి."

అమ్మ లేచి కూర్చుంది. చీర చెంగు తల మీదకి లాక్కుంది. పాస్టరు గారి మాటకి అవునండి అన్నట్టు, నెమ్మదిగా, "ఆయ్," అంది.

అన్నం మాత్రం ముట్టలేదు. రేపు మళ్ళీ చెబుతానంది వదిన.