కుర్చీ వెనక నిలుచున్నామె

ప్లేనో,
ఆదివారం

చిరంజీవి అంకితకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగున్నాం, ఆయన మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. అక్కడ నువ్వూ నీ రూమ్మేట్ స్మృతీ జెర్సీ సిటీ చలికి ఓర్చుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం చేరింది. నెలకో తెలుగు ఉత్తరం రాస్తానని మాటిచ్చి ఇల్లు కదిలావు, నిలబెట్టుకుంటున్నావు, సంతోషం. ఒత్తులు మాత్రం ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తున్నావు. "అమా, నువు బాగా గురుతొస్తునావు" అని రాశావు. దాన్ని దిద్దబుద్ధి కాలేదు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకున్నాను, పాలు తీసినప్పుడల్లా చదువుతున్నాను.

నీ ప్రశ్నలకి జవాబులు. ఉసిరికాయ పచ్చడి మీద తెల్లగా తేలింది బూజే, పారెయ్. నూనె పైదాకా పొయ్యమని నేను మొత్తుకున్నది అందుకే. నీ గది అలాగే ఉంది. అందులో ఇస్త్రీ బల్ల పెట్టుకుందామని మీ నాన్న అన్నందుకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇక నీ థీసిస్. ఆఫీస్ ప్రింటర్ మీద తీసుకుని మొత్తం చదివాను. ఇరవై ఏడేళ్ళుగా ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని, ఇంగ్లీష్ నాకు కొత్త కాదు గానీ నీ ఫుట్‌నోట్లు నా తల తిన్నాయి. రోములో యుద్ధంలో చిక్కినవాళ్ళని సంతలో నిలబెట్టి, మెడలో వాళ్ళ దేశమూ లోపాలూ రాసిన పలక తగిలించి అమ్మేవాళ్ళని చదివాను. వాళ్ళ పెద్ద పొలాలూ గనులూ బానిసల మీదే నడిచాయన్నావు. చైనాలో హాన్ రాజుల కాలంలో సేద్యం చాలావరకు రైతులదేననీ, బానిసలు లెక్కకి తక్కువేననీ రాశావు. నేరం చేసినవాడి పెళ్ళాం పిల్లల్ని అక్కడి సర్కారు దాస్యంలోకి తీసుకునేదట, కరువొస్తే కన్నవాళ్ళే పిల్లల్ని అమ్ముకునేవాళ్ళట. రెండిట్లో ఏది నయం అని మీ నాన్న అడిగారు. టీ చల్లారిపోతోంది, తాగండి అన్నాను.

చైనా వాళ్ళ లిపిలో బానిస అనే అక్షరంలో ఒక ఆడమనిషి, ఆమె పక్కన ఒక చెయ్యి ఉంటాయన్నావు. అది పనిచేసే చెయ్యా, పట్టుకున్న చెయ్యా అని కింద ఫుట్‌నోట్‌లో రాశావు. ఆ పేజీ దగ్గర లేచి వెళ్ళి అంట్లు తోముకున్నాను. మళ్ళీ కూర్చుంటే ఇంకో పేజీ ఆపేసింది. రోములో తల్లి దాసి అయితే బిడ్డ కూడా దాసి అట. హాన్ రాజుల తొలినాటి చట్టంలో మాత్రం, యజమాని వల్ల బిడ్డని కన్న దాసికి, అతను పోయాక విడుదల అట. ఆ రోజు ఇక చదవలేకపోయాను.

తెలుగులో బానిసకి ఇంకేం మాటలున్నాయని అడిగావు కదా. దాసి, వెట్టివాడు నీకు తెలిసినవే. నీకు తెలియనిది ఇంకొకటుంది. తెలియకుండా చేసింది నేనే.

నీ థీసిస్ ఆఖరి పేజీలో, మనుషుల్ని ఏలుకున్న దొరల ఇంట పుట్టినదాన్నని రాశావు. మన హాల్లో ఉన్న ఫొటోలో కుర్చీలో కూర్చున్న ముత్తవ్వ తరఫున క్షమాపణ చెబుతున్నానన్నావు. మా అమ్మ పుట్టింటిపేరు ఇంటర్నెట్‌లో వెతికి, అది దేశ్‌ముఖుల పేరని కూడా రుజువు పెట్టావు. శుక్రవారం అది యూనివర్సిటీకి ఇచ్చేస్తావు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ పచ్చడి సంగతి మాట్లాడి పెట్టేశాను.

అంకితా, కుర్చీలో కూర్చున్న దొరసాని మనకేమీ కాదు. ఆ కుర్చీ వెనక, చేతిలో తమలపాకుల పళ్ళెంతో, ముఖం సగం కనబడేలా నిలుచున్న పిల్ల మా అవ్వ. మా అమ్మని కన్నది ఆమె.

ఆడబాప అనేవాళ్ళు. మా వైపు దొరలు కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు సారెలో మంచం, బిందెలు, ఆవుతో పాటు ఒక ఆడపిల్లని కూడా పంపేవాళ్ళు. ఆ పిల్ల బతికినన్నాళ్ళూ ఆ గడిలో, అంటే దొరగారి కోటలాంటి ఇంట్లో, చాకిరీ చెయ్యాలి. దొర ఏం చేసినా ఊరుకోవాలి. అవ్వ తొమ్మిదేళ్ళకి అలా వచ్చింది. మా అమ్మ తండ్రి ఎవరని ఊళ్ళో ఎవరూ అడగలేదు, అమ్మ ముక్కు చూస్తే సరిపోయేది. ఆ రక్తం నీలో లేదని నేను అనను. అది అవ్వ కోరి తెచ్చుకున్నది కాదు.

రజాకార్ల గొడవలప్పుడు దొరలు గడి వదిలి పట్నం పారిపోయారు. అవ్వ ఐదేళ్ళ మా అమ్మని చంకనేసుకుని బయటికి నడిచింది. గోడకున్న ఆ ఫొటో తీసుకుంది, ఆమె రూపం ఉన్న కాగితం లోకంలో అదొక్కటే. తర్వాత అమ్మని బడిలో వేస్తే పంతులు ఇంటిపేరు అడిగాడు. అవ్వకి తెలిసింది ఒక్కటే పేరు, గడి పేరు. రోములో విడుదలైనవాళ్ళు యజమాని పేరే పెట్టుకునేవాళ్ళని నువ్వు రాసింది చదివి, అవ్వకి రోము ఎవరు చెప్పారా అని నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మీ నాన్న వాళ్ళు గుంటూరు నుంచి పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు, ఫొటోలో ఎవరండీ అని మీ నాన్నమ్మ అడిగింది. "మా అమ్మ" అని మా అమ్మ వేలు చూపించింది. వేలు ఎటుందో చూసుకోవాల్సింది వాళ్ళు. వాళ్ళు కుర్చీనే చూశారు. అమ్మ అబద్ధం ఆడలేదు. ఆడింది నేను. రెండో తరగతిలో నువ్వు ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ చేస్తూ అడిగితే, కుర్చీలో ఆమె పట్టుచీర మీద వేలు ఆనించి మరీ "ఈవిడే" అన్నాను. అవ్వని మళ్ళీ కుర్చీ వెనక నిలబెట్టాను. నన్ను పెంచిన అవ్వ, నా తలకి నూనె రాసిన అవ్వ. క్షమాపణ చెప్పాల్సింది నేను, నీకు కాదు, ఆమెకి.

మీ నాన్నకి నిన్న చెప్పాను, కూరగాయలు కొనుక్కుని వస్తూ కార్‌లో. ఆయన కార్ పక్కకి ఆపి, ఒక్క మాటే అడిగారు.

"ఆమె పేరేంటి?"

లసుమవ్వ అన్నాను. ఈ దేశంలో ఆ పేరు పైకి అనడం నాకు అదే మొదలు.

ఆఖరి పేజీలో ఏం రాయాలో నేను చెప్పను, చదువుకున్నదానివి. పేరు తెలుగులో రాస్తే మాత్రం ఒత్తు మర్చిపోకు.

ఇంకొక్కటి. రోములో మెడలో పలక మీద వాళ్ళ దేశం పేరైనా ఉండేది. అవ్వకి తన ఊరి పేరు కూడా యాదికి లేదు. "బండెనక నడుసుకుంట రెండు వాగులు దాటొచ్చిన బిడ్డా, గంతే ఎరుక" అనేది. డెబ్బై ఏళ్ళ వయసులో కూడా ఇంటికి ఎవరొచ్చినా, మీ ఊరికి పోవాలంటే రెండు వాగులు దాటాల్నా అని అడిగేది. చిన్నప్పుడు మేం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఆగస్ట్‌లో నిన్ను ఎయిర్‌పోర్ట్‌లో దింపి వస్తుంటే, దారి పక్కన పచ్చ బోర్డులు చూశాను. ఎన్నిసార్లు డ్రైవ్ చేశానో ఆ రోడ్డు, ఎప్పుడూ చదవలేదు. ఎయిర్‌పోర్ట్‌కీ మన ఇంటికీ మధ్య రెండు క్రీకులున్నాయి. రెండు వాగులు, అంకితా. ఊరి పేరు మర్చిపోయినా పర్వాలేదు, అవి దాటి రా.

ఇట్లు,
లసుమవ్వ మనవరాలు,
మీ అమ్మ
కృష్ణవేణి