ఊ కొట్టేవాళ్లు లేని కథ

సూర్యాపేట,
9 ఆగస్టు 2025

ప్రియమైన హిమజకు,

నమస్కారం. నువ్వు, మీవారు, పాప క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఉత్తరంలో మొదట ఇవి రాయాలని మిర్యాలగూడ కాన్వెంటులో సిస్టర్ నేర్పారు కదా, రాశాను. ఫోన్‌లో మెసేజ్ పెడితే నువ్వు చూసినట్టు తెలిసిపోతుంది, జవాబు మాత్రం రాదు. ఉత్తరమైతే చూశావో లేదో తెలియదు. అదే నయం.

ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లైబ్రరీ చూసుకుంటున్నాను. ఒక్కో తరగతికి వారానికి ఒక పీరియడ్. మిగతా వేళల్లో నేనూ, ఫ్యానూ. ఆ తీరికలో మన కథను నవలగా రాస్తున్నాను. నీకు గుర్తుండదులే. నేరేడుచర్ల నుంచి స్కూలు బస్సులో వెళ్తూ చెప్పేదాన్ని. భూమి కింద సున్నపురాయి నగరం, అక్కడ రాళ్లు కొట్టే నీడలు, తప్పిపోయిన తన నీడను వెతుక్కుంటూ దిగిన పిల్ల. ముందు అనుకుని చెప్పిన కథ కాదు అది. నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ ఊ అనేదానివి, నాకు తర్వాతి మాట వచ్చేది. నీ ఊ ఆగితే నా కథా ఆగేది. అప్పుడు, ఆగినవేందే, సచ్చిందా ఆ పిల్ల, అని గిచ్చేదానివి.

ఇప్పుడూ అలాగే, ముందేమీ అనుకోకుండా రాస్తున్నాను. మా స్కూల్లో లెక్కల సార్ ప్రేమ్ కుమార్ గారు విని, ప్లాన్ గీయకుంట ఇల్లు కడ్తరా మేడమ్, వంటింట్లకెల్లి బాత్రూంకు పోవాల్సొస్తది, అని నవ్వారు. నిజమేననిపించి ఒక సెలవు రోజు కూర్చుని అధ్యాయాలన్నిటికీ ప్లాన్ వేసుకున్నాను. అంతా తెలిసిపోయాక ఒక్క వాక్యం రాయబుద్ధి కాలేదు. చింపేశాను.

పిల్ల, చిన్నప్పుడు మనం ఆపేసిన ఆ రాతి తలుపు దాకా వచ్చింది. తన నీడ అవతల ఉందో లేదో నాకే తెలియదు. వానలు మొదలైనప్పటి నుంచీ అక్కడే నిలబడి ఉంది.

మా ఇంటి ఓనరు వెంకటనర్సమ్మ గారిని ఊ కొట్టమని అడిగాను. గోకరకాయలు తుంచుతూ ప్రతి మాటకూ ఊ కొట్టారు. చివరికి, నీడ పోతె పోయె గని బిడ్డా, ఆ పిల్లకు సంబంధం ఏమన్న సూస్తున్నరా, ఒక్కతే తిరుగుడేంది గట్ల, అన్నారు. నవ్వొచ్చింది. గదిలోకి వచ్చాక, ఆ మాట కథలో పిల్ల గురించి కాదేమో అనిపించింది.

వీలైతే జవాబు రాయి. నవల గురించి కాకపోయినా సరే. పాప ఏం తింటుందో, కోదాడలో వానలెట్లా ఉన్నాయో రాసినా చాలు.

నీ పక్క సీటు,
జమున

తా.క. నీకు గుర్తుండదని పైన రాసింది అబద్ధం. పోయిన ఆదివారం, రాసిన కాగితాలు సంచిలో పెట్టుకుని నీ దగ్గరికే బయల్దేరాను. సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సెక్కి కూర్చున్నాక చూస్తే, ఎక్కడికెళ్లి వస్తున్నావో, ముందు సీట్లో నువ్వు, నీ ఒళ్లో పాప. పలకరించడానికి మాట కూడదీసుకుంటున్నాను. అంతలో నువ్వు పాపకు మన కథ మొదలుపెట్టావు. గబగబా తలుపు దాకా తెచ్చావు. పిల్ల చెయ్యి ఆనించగానే అవతల ఎవరో నవ్విండ్రు, అన్నావు. పాప ఊ అనలేదు. నిద్రపోయింది. నువ్వూ ఆపేశావు.

వెనక సీట్లోంచి నేను ఊ అన్నాను. బస్సు మోతలో నీకు వినపడలేదు. ఇంకోసారి అనడానికి ధైర్యం చాలక మునగాలలో దిగిపోయాను.

ఎవరు నవ్విండ్రే?