వలస బిల్లుపై మా అభిప్రాయం

పార్లమెంటు కమిటీ అధ్యక్షులవారికి, అమరచింత దగ్గరి మా వాడ నుంచి నమస్కారాలు.

వలస కూలీల బిల్లును లోక్‌సభ మీ కమిటీకి పంపిందని, నెలాఖరులోగా ప్రజలు అభిప్రాయం రాయాలని పేపర్లో చూశాను. రాయాల్సినవాళ్లంతా ముంబైలో కాంక్రీటు మోస్తున్నారు. ఈస్టర్‌కు గానీ రారు.

"అందరి తరఫున నువ్వే రాసి పంపరాదమ్మా" అన్నారు మా పాస్టరుగారు. ఫోన్‌చేసి అడిగితే ముంబైలో ఉన్న శాంతమ్మ వదిన, "మేమొచ్చినంక కూసొని మాట్లాడుకుందం, కమిటీవాళ్లను జర ఆగుమను" అంది. మా సంఘంలో చర్చికి సున్నం వేయాలన్నా అంతే, అందరూ వచ్చేదాకా ఆగుతాం.

కాబట్టి అభిప్రాయాల గడువు పెంచి, మీ నివేదికను ఈస్టర్ దాటాకే సభ ముందు పెట్టండి. పోతూ పోతూ వాళ్లు ఇళ్ల తాళంచెవులన్నీ నాకిచ్చారు. నోళ్లు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
విధేయురాలు