నీడ కుట్టిన వీధి

చిరంజీవి సౌభాగ్యవతి మా పెద్దమ్మాయికి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ నాన్న క్షేమం కంటే ఒక మెట్టు పైనే ఉన్నారు. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వు, అల్లుడుగారు, మీ అత్తగారు ఎలా ఉన్నారో ఈసారి కాస్త వివరంగా రాయి. రైలు నడిపేదానివని ఉత్తరాన్ని కూడా పెద్ద స్టేషన్లలో తప్ప ఆపకుండా లాగించేస్తే నాకు తృప్తిగా ఉండదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు అలాగే ఉంది, మెట్లెక్కేటప్పుడు సాధిస్తుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. తమ్ముడు దూది ఏకే మిషన్ బాగు చేయించాడు, ఇప్పుడది వాడికంటే తక్కువ చప్పుడు చేస్తోంది. ఎదురింటి పొడుగు పిన్నితో మాటలు కలిశాయా అన్నావు. మాటలేమిటి, దబ్బనాలే కలిశాయి. ఇక చివరి ప్రశ్న. మన ఊరికి బదిలీ అడగనా, అడిగితే మీ అత్తగారితో సహా ఉండటానికి మన వీధిలో ఇల్లు దొరుకుతుందా అని రాశావు. నెలాఖరులోగా ఆఫీసులో చెప్పాలన్నావు. దానికి నా దగ్గర జవాబుంది. కానీ ఇక్కడ జరిగింది ముందు చెప్పకపోతే ఆ జవాబుకి తలా తోకా ఉండదు. కాబట్టి ఓపిక పట్టు.

మైదానం పక్కనున్న పాత గిడ్డంగి గుర్తుంది కదా, మీ చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడి గోడ మీంచి పడేవాళ్ళు. దాన్ని ఒక బిల్డరు కొన్నాడు. పది అంతస్తుల అద్దె ఇళ్ళు కడతానని పెద్ద బోర్డు పెట్టాడు. ఇంటికి రెండేసి గదులు, లిఫ్టు, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు తలుపులు. బోర్డు మీద బొమ్మ కూడా వేయించాడు. అందులో మన మైదానం నిండా పచ్చగడ్డి ఉంది, ఒక్క పరుపు కూడా లేదు.

నీకు చెప్పక్కర్లేదు గానీ అల్లుడుగారికి చదివి వినిపిస్తావని రాస్తున్నాను. పాత పరుపు మా దగ్గరికి వస్తే గలీబు విప్పి, ఉండకట్టిన దూదిని మైదానంలో పరుస్తాం. లోపలిదాకా వెచ్చబడ్డాకే ఏకుతాం, ఏకాకే మళ్ళీ నింపుతాం. ఎండ తగలని దూది ఎంత ఏకినా నాలుగు రోజులకే ముక్కవాసన కొడుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో మన వీధిని వెతుక్కుంటూ వచ్చేది ఆ ఎండ కోసమే. గిడ్డంగి ఉన్నది పొద్దుపొడిచే వైపు. మైదానం పొడవునా పది అంతస్తుల గోడ లేస్తే మధ్యాహ్నందాకా మాకు నీడే. మధ్యాహ్నం తర్వాత ఇంక ఏం ఆరుతుంది?

వీధి భగ్గుమంది. రిటైరయ్యాక తోచక ఉన్న మన పోస్ట్‌మేన్ బాబాయికి చేతినిండా పని దొరికింది. ఏకుడు షెడ్డులో మీటింగులు, గోడల మీద "కట్టొద్దు" అని సున్నంతో రాతలు. బిల్డరు ఒకసారి స్వయంగా వచ్చాడు. పెద్దమనిషే, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. "మీ అందరికీ కలిపి దూది ఆరబెట్టే మిషన్ ఒకటి ఇప్పిస్తానండి" అన్నాడు.

బాబాయి లేచి నిలబడ్డాడు. "అంటే మాకు మిషన్ ఇచ్చి మీరు సూర్యుణ్ణి పట్టుకెళ్తారన్నమాట. బేరం బాగానే ఉంది."

ఆ రోజు బిల్డర్ని దూది ఏకినట్టు ఏకేశారు. ఇంతవరకు నువ్వు ఊహించగలవు. ఆ తర్వాత మన వీధి మాట మార్చింది. "కట్టొద్దు" పోయి "తిప్పి కట్టండి" అయింది. అదెలా మారిందో చివర్లో చెప్తాను, దాచుకున్న సంగతి అదే.

బిల్డరు దగ్గర ప్లాన్లు గీసే అమ్మాయి ఒకతె ఉంది, నీ వయసే ఉంటుంది. మాట మార్చాక ఆ అమ్మాయినే పట్టుకుని అడిగాం. పొడుగు పిన్ని దిండు గలీబు పరిస్తే దాని మీద సుద్దముక్కతో గీసి చూపించింది. భవనాన్ని అడ్డంగా తిప్పి, ఎత్తయిన భాగం రోడ్డు వైపుకి జరిపి, మైదానం వైపు రెండంతస్తులే ఉంచితే ఇళ్ళు తగ్గవు, ఎండా తగ్గదట. "అవుతుందండీ. కానీ మా సార్ నా మాట వినరు. అభ్యంతరాలు వినడానికి మునిసిపాలిటీ ఆఫీసరుగారు వస్తున్నారు కదా, ఆయన చెప్తే వింటారు" అంది.

ఆ ఆఫీసరుకి బిల్డరు అప్పటికే చెప్పి ఉంచాడట, నీడ పెద్ద విషయం కాదు, కాస్త చల్లగా ఉంటుందంతే అని. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. చల్లగా ఉంటుందా, సరే, ఆయన్నే కూర్చోబెట్టి చూపిద్దాం అన్నాను. ఆఫీసరు కుర్చీ మీద, మైదానం మీద నీడ పడేలా పెద్ద గుడ్డ ఎత్తాలని అనుకున్నాం. కుట్టుపని మాకేం కొత్త.

కొత్త కాకపోవడమే కొంప ముంచింది. తూర్పు వరస ఇళ్ళవాళ్ళు ముదురు నీలం గలీబులన్నీ విప్పి అతికి ఒక గుడ్డ కుట్టారు. వాళ్ళకి మేం తీసిపోతామా అని పడమర వరసలో మేమొకటి కుట్టాం. ఎవరిది ఎత్తాలన్నది పెద్ద తగువైంది. చివరికి మీ నాన్నే "రెండూ ఒకదాని మీద ఒకటి వేసి అంచులు కుట్టెయ్యండి, గట్టిగానూ ఉంటుంది, మీ నోళ్ళూ మూతపడతాయి" అన్నారు. అటువైపు నుంచి పొడుగు పిన్ని, ఇటువైపు నుంచి నేను దబ్బనాలు పట్టుకుని మొదలుపెట్టాం. ఊరివాళ్ళందరి మీదా చాడీలు చెప్పుకుంటూ కుట్టాం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నాలుగు వైపులా కుట్టాల్సింది మూడు వైపులే కుట్టి, నాలుగో వైపు తెరిచి వదిలేశాం. ఇన్నేళ్ళుగా దూది నింపడానికి మూతి వదులుతూనే ఉన్నాం కదమ్మా. వీధిలో ఒక్కరికంటే ఒక్కరికి తేడా కనిపించలేదు. అందరి కళ్ళకీ అది సరిగ్గా కుట్టిన గలీబే.

బిల్డరు, ప్లాన్లు గీసే అమ్మాయి వెంట రాగా ఆఫీసరు వచ్చారు. ఉదయపు ఎండలో కుర్చీ వేశాం. ఆయన చుట్టూ మంచుకు తడిసిన దూది పరిచి ఉంది. ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టారు. బాబాయి సైగ చేశాడు. గుడ్డ కట్టిన గెడలు అటు రెండు, ఇటు రెండు లేచాయి. గుడ్డ మూలకి కట్టిన ఒక తాడు మీ నాన్న పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు మైదానం మీదుగా గాలి వీచి, ఆ తెరిచిన మూతిలో దూరింది.

గుడ్డ పరుచుకోలేదు, లేచింది. పొట్ట ఉబ్బించుకుని, గెడల్ని వంచేసి, ఇళ్ళ కప్పుల్ని దాటి పైకి లేచి నిలబడింది. ఒక్క క్షణంలో మైదానమంతా సాయంత్రమైపోయింది. తాడు పట్టుకున్న మీ నాన్న కాళ్ళు నేల విడిచాయి. "వదిలెయ్యండీ" అని నేను కేక పెడితే "వదిలితే నీడ పోతుందే" అని పైనుంచి జవాబు. తమ్ముడు వెళ్ళి ఆయన నడుం పట్టుకుని వేలాడాడు. మా సిగ్గు దాచుకోవడానికి చోటు లేదు, పనంతా పాడైందనే అనుకున్నాను.

ఆఫీసరు తల ఎత్తి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ ఫైలు చూశారు. అక్షరాలు కనిపించలేదు. శాలువా దగ్గరికి లాక్కుని అడిగారు, "ఇది ఎంతసేపు ఇలా ఉంటుంది?"

"మీరు సంతకం పెడితే నూరేళ్ళుంటుంది సార్" అంది పొడుగు పిన్ని.

ఆయన వంగి కాళ్ళ దగ్గరి దూదిని ముట్టుకున్నారు. తర్వాత లేచి, నీడ దాటి ఎండలోకి నడిచి, అక్కడి దూదిని ముట్టుకున్నారు. అక్కడే నిలబడి, నీడలో ఉన్న మా అందరినీ చూశారు. బిల్డరు వైపు తిరిగి "దీన్ని తిప్పి కట్టడానికి మీకేం ఇబ్బంది?" అన్నారు.

"ప్లాన్ మళ్ళీ మొదటినుంచీ గీయాలి సార్."

"గీశాను సార్" అంది ఆ అమ్మాయి. చంకలోని చుట్ట తీసి ఆయన ముందు విప్పింది.

పాము చావాలి, కర్ర విరగకూడదు అంటారు చూడు, అలా అయింది. భవనం తిరిగింది. మైదానం వైపు రెండంతస్తులే. ఇళ్ళలో కొన్ని ముందుగా ఈ వీధివాళ్ళ పిల్లలకే ఇవ్వాలని కూడా ఉత్తర్వులో రాయించాం. ఆ కాగితం వచ్చిన రోజు మీ నాన్న వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చెప్పుకుంటూ తిరిగారు, తాను ఎంత ఎత్తు లేచారో. ఇంటింటికీ ఆ ఎత్తు పెరుగుతూ వచ్చింది. మా ఇంటికి చేరేసరికి పది అంతస్తులు దాటింది. ఆయన కాళ్ళు ఇప్పటికీ నేల మీద లేవు.

ఇక దాచిన సంగతి.

మొదటి మీటింగుల్లో నేనూ అందరితోపాటు "కట్టొద్దు" అని అరిచాను, నలుగురితో నారాయణా అని. అప్పటికే నీ ఉత్తరం వచ్చింది. మన ఇంట్లో పై గది ఉంది గానీ, నిచ్చెన లాంటి ఆ మెట్లు మీ అత్తగారు ఎక్కలేరు. వీధిలో ఖాళీ ఇల్లు మరొకటి లేదు. ఆ బోర్డు మీది వెడల్పు తలుపులు చూసినప్పుడల్లా మీ అత్తగారి చక్రాల కుర్చీ అందులోంచి లోపలికి వెళ్తున్నట్టే అనిపించేది. బయట వద్దని అరవడం, ఇంటికొచ్చి ఆ బొమ్మ గురించే ఆలోచించడం. మింగలేక కక్కలేక ఉన్నాను.

ఒకరోజు బాబాయి "అసలు కట్టనే వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. అందరూ ఎత్తారు. మీ నాన్న కూడా ఎత్తారు. నా చెయ్యి లేవలేదు.

"ఏమైంది అక్కా, సూది గుచ్చుకుందా?" అంది పొడుగు పిన్ని.

"నాకు ఆ ఇల్లు కావాలి" అన్నాను.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండగా తలలన్నీ నా వైపు తిరిగాయి. అయినా నేను ఆగలేదు. "ఎండ పోతే మన పని పోతుంది, నాకు తెలియదా. కానీ ఆ భవనం లేవకపోతే నా కూతురు రాదు. నాకు ఎండా కావాలి, కూతురూ కావాలి."

"రెండు పడవల మీద కాళ్ళు పెడతానంటే ఎలా వదినా?" అన్నాడు బాబాయి. వెనకనుంచి ఎవరో "ఇంటి దొంగ" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు కలిసి కుట్టినవాళ్ళ ముందు దొంగనయ్యాను.

అప్పుడు పొడుగు పిన్ని చెయ్యి దించేసింది. "మా వాడు పెళ్ళయ్యాక వేరే వీధికి పోయింది నా మీద కోపంతో అని మీరంతా అనుకుంటున్నారు. కాదు. మంచం వేసుకునే చోటు లేక పోయాడు." ఆమె తర్వాత ఇంకొకరు దించారు, ఆ తర్వాత ఇంకొకరు. ప్రతి ఇంటికీ చోటు లేక దూరమైన బిడ్డ ఒకరున్నారు, ఎవరూ పైకి చెప్పలేదు, అంతే. చివరికి తనదొక్కటే పైకి ఉందని చూసుకుని, బాబాయి ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. "అయితే ఏమనమంటావో నువ్వే చెప్పు" అన్నాడు.

నాకు భవనాల సంగతి ఏం తెలుసు. నోటికొచ్చింది అనేశాను. "పరుపు ఒకవైపు కుంగితే పారేస్తామా? తిప్పి వేసుకుంటాం. దాన్నీ తిప్పమందాం."

ఇప్పుడు వీధంతా నన్ను ఎండ కాపాడిన మనిషి అంటోంది. నేను పోట్లాడింది ఎండ కోసం కాదు, నీ కోసం. నిన్ను అడగకుండా నీ పేరు నలుగురిలో వాడేశాను. ఆ వాడటం కూడా ఎలాంటిదంటే, ఇప్పుడు పాలవాడి దగ్గర్నుంచి ప్లాన్లు గీసే అమ్మాయిదాకా "మీ అమ్మాయి ఎప్పుడొస్తోంది" అని అడుగుతున్నారు. నువ్వు చూస్తే ఇంకా బదిలీ అడగనే లేదు. మీ నాన్న నోట్లో నువ్వుగింజ నానదు, ఆయన రాసేలోపు నేనే చెప్తున్నాను.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: ఇల్లు ఉంటుంది. బదిలీ రావడానికి ఏడాది పడుతుందన్నావు, భవనానికీ అంతే పడుతుంది. అయితే అమ్మ మాట ఇచ్చేసిందని మొహమాటపడి మాత్రం రావద్దు. అల్లుడుగారిని, మీ అత్తగారిని కూర్చోబెట్టి అడుగు. మీరు రాకపోతే ఆ ఇంట్లో ఇంకొకరి కూతురు ఉంటుంది, వీధికేం లోటు లేదు. నాకుంటుంది. అబద్ధం ఎందుకు చెప్పడం, చాలా ఉంటుంది.

ఇంకొక్క మాట. ఆ పెద్ద గుడ్డని కోసి ఇంటికింత పంచుకున్నాం. నా వాటాతో మీ మంచానికి సరిపడా గలీబు కుట్టాను. దాని కోసం దూది ఇప్పుడు మైదానంలో ఎండుతోంది, కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. సాయంత్రానికి ఏకి నింపేస్తాను. మన నెత్తిన పడాల్సిన నీడ మీద మీరు హాయిగా నిద్రపోతారు. మూడు వైపులా కుట్టు వేశాను. ఈసారి నాలుగో వైపు మరిచిపోయి కాదు, కావాలనే వదిలాను. నీ జవాబు వచ్చాక కుడతాను.

ఇట్లు,
దబ్బనంలో దారం ఎక్కించి పెట్టుకున్న
మీ అమ్మ