బడి వెనక గది తాళం

నవంబరు 7, శుక్రవారం

అక్షరాలు వంకర. తప్పులూ ఉంటాయి, పుస్తకమా, ఏమనుకోకు. ఏడో తరగతి సగంలో ఆగిన చెయ్యి ఇది. మా ఆయన చదివింది ఉర్దూ బడి, తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. అందుకే ఈ మాత్రం ధైర్యం.

ఆయన స్నేహితులతో బతా బజారుకు వెళ్ళారు. మగవాళ్ళ మధ్య నువ్వేం చేస్తావు అన్నారు. నిజమే. ఈ అరబ్బు ఊళ్ళో కిటికీ అవతల ఎదురింటి గోడ, ఏసీ పెట్టెలు, పావురాలు.

నవంబరు 10, సోమవారం

ఇవాళ నాతో మాట్లాడింది ఒక్క మనిషే. మా బిల్డింగు మెట్లు తుడిచే ఆల్మాజ్. ఇథియోపియాలో ఏదో పల్లె ఆమెది. ఆమె అరబీ, నా ఉర్దూ, మిగతాది చేతులు. టీ ఇస్తే గడపలోనే కూర్చుని తాగుతుంది.

ఫోన్‌లో ఫోటో చూపించింది. ఆ సంబరం చూసి పెళ్ళి ఫోటో అనుకున్నా. తలుపు! వాళ్ళ ఊరి బడి వెనక ఆడపిల్లలకు కొత్తగా మరుగుదొడ్డి కట్టారట. నీలం రేకు తలుపు, పక్కన నీళ్ళ డ్రమ్ము. ఇదివరకు గోనెపట్టా కట్టి ఉండేదట, గాలికి ఎగిరేది. కూతురు హానా పెద్దమనిషి అయినప్పటి నుంచి నెలనెలా బడి మానేది. ఇక మానదు అని నవ్వింది ఆల్మాజ్. ఆమె అంతలా నవ్వగా చూడడం ఇదే మొదలు.

నవంబరు 12

మా బడిలోనూ తలుపు ఉండేది.

నవంబరు 16, ఆదివారం

ఆల్మాజ్ టీ ముట్టలేదు. హానా మళ్ళీ మానిందట. పిల్ల పెరిగేది ఊళ్ళో, ఆల్మాజ్ వాళ్ళ అక్క దగ్గర. గది కట్టించినా పోలేదంటే దానికి చదువు మీద మనసు లేదు, క్రిస్మస్ అయ్యాక పట్నంలో ఇళ్ళ పనికి పంపేస్తా అందట ఆ అక్క. బద్ధకం దానికి, అంది ఆల్మాజ్ కూడా. కళ్ళు తుడుచుకుంటూనే తిట్టింది.

నాకు కారణం తెలుసేమో... ఆమె వెళ్ళాక ఆ టీ పారబోసి కప్పు కడిగా.

నవంబరు 17

రాస్తా. నువ్వు ఎవరికి చెప్తావు గనక.

మా బడిలోనూ అలాంటి గది కట్టారు. సున్నం వేశారు. ఎవరో పెద్దవాళ్ళు వచ్చి దాని ముందు ఫోటో దిగారు. పిల్లలు పాడు చేస్తారని తాళం వేశారు. తాళంచెవి లెక్కల సారు సొరుగులో. కావాలంటే క్లాసంతా చూస్తుండగా లేచి అడగాలి. మగపిల్లలు గొంతు సన్నం చేసి "సార్... బీగంచెవి సార్" అని వెక్కిరించేవాళ్ళు. సాయంత్రం దాకా నీళ్ళు తాగేదాన్ని కాదు. నెలసరి రోజుల్లో అసలు బడికే వెళ్ళేదాన్ని కాదు. పరీక్ష తప్పా.

అమ్మ అంది — "నీకు సదువు ఎక్కదులే మే."

ఊ అన్నా. ఆయనకూ అదే చెప్పి పెళ్ళి చేశారు.

నవంబరు 20

అన్నం దగ్గర ఆయనతో హానా సంగతి ఎత్తా. ఎవరి ఊరో, ఎవరి పిల్లో, మనకెందుకు అన్నారు. కోపంగా కాదు. ఫోన్ చూస్తూ.

నవంబరు 23, ఆదివారం

ఆల్మాజ్‌కు చెప్పేశా.

అరబీలో తాళాన్ని ఏమంటారో తెలీదు. మా ఇంటి తాళంచెవి తీసి, ఆమె ఫోన్‌లో ఫోటోలోని తలుపు మీద ఆనించి తిప్పా. సారులాగా దాన్ని జేబులో వేసుకున్నట్టు చేశా. ఆ తర్వాత ఆడపిల్లలా చెయ్యి చాపి, తల దించుకుని నిలబడ్డా.

ఆల్మాజ్ నవ్వలేదు. నా మొహంలోకి చూసి "ఇంతీ?" అంది. నువ్వా, అని.

తల ఊపా. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

చీపురు గోడకు ఆనించి, మెట్టు మీదే కూర్చుని, అక్క ఫోన్‌కు వాయిస్ పెట్టింది, కూతురికి వినిపించమని. హానా అన్న మాట తప్ప ఏమీ అర్థం కాలేదు. గొంతు మాత్రం తిట్టే గొంతు కాదు.

నవంబరు 25

జవాబు లేదు.

నవంబరు 27, గురువారం

వచ్చింది. ఆల్మాజ్ ఫోన్ నా చెవి దగ్గర పెట్టి వినిపించింది. హానా చిన్న గొంతు, ఒకే ఒక్క మాట అడిగి ఆగిపోయింది. ఏమంది అన్నా. ఆల్మాజ్ నెమ్మదిగా చేతులతో చెప్పింది.

"నీకు ఎవరు చెప్పారమ్మా?"

ఆల్మాజ్ మళ్ళీ అడిగితే చెప్పిందట, అక్కడా తాళంచెవి మాస్టారి దగ్గరేనని. సోమవారం బడికి వెళ్ళి, తాళంచెవి ఆడపిల్లల దగ్గరే ఉంచమని అడగమని అక్కను బతిమాలుతోంది ఆల్మాజ్. అక్క వెళ్తాననలేదు, వెళ్ళననలేదు.

సోమవారం సాయంత్రం

ఆల్మాజ్ ఇంకా రాలేదు, మెట్ల మీద చప్పుడు లేదు. టీ చల్లారింది.

ఇది ఎవరైనా తెలుగు తెలిసినవాళ్ళ చేతిలో పడితే చదవొద్దు, పొయ్యిలో వెయ్యండి. ఆ తాళంచెవి ఎవరి చేతికి వచ్చిందో తేలేదాకా మాత్రం ఆగండి.