నీలం ముక్కతో మొదలుపెట్టింది

లా కోంబ్, ఏప్రిల్ మొదటి ఆదివారం

లెయొంతీన్ అక్కకి,

సముద్రం పక్కన నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు ఎప్పటిలాగే. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు. బళ్ళో మాస్టారు కొట్టి నేర్పిన నాలుగక్షరాలే ఇప్పటికీ. కానీ ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు మనసు నిలవదు. ఈ ఊళ్ళో చెప్తే సాయంత్రానికి కాఫీ కొట్టు దాకా పోతుంది.

కింది ఇంటి జెర్మెన్ నీకు గుర్తుందిగా, మేకల్ని పెంచి చీజు చేసే ఆవిడ. మొగుడు పోయాక ఒక్కతే నెట్టుకొస్తోంది. మొన్న చలికాలం చివర వచ్చి మన కొండ గుహ అడిగింది, చీజులు ముగ్గబెట్టుకోవడానికి. నాన్న తొలిచి బాగుచేసిన గుహ. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి తాళం వేసే ఉంది. ఇవ్వనన్నాను. మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అదే నాకు నచ్చలేదు. మనసులో ఏదో పెట్టుకుందనిపించింది.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. వారం వారం ఒక చీజు గుడ్డలో చుట్టుకుని వస్తోంది. "రుచి చూసి చెప్పండి ఒనొరే గారూ." చూసి, బాగుందంటాను. "బాగుందంటే? పులుపా? ఉప్పెక్కువైందా? వాసన ఎలా ఉంది?" అని ఒకటే అడగడం. నేను నములుతుంటే నా నోటి వంకే చూస్తుంది. నాకు చెమటలు పడతాయి. చిన్నప్పట్నుంచి చీజు చేస్తున్న మనిషికి నన్నడగాల్సిన పనేమిటి? గుహ కోసం నన్ను మెత్తబరుస్తోందని నా అనుమానం. కాఫీ కొట్టు ఫెర్నాన్ అయితే నేను లోపల అడుగుపెట్టగానే, "జరగండర్రా, పెళ్ళికొడుకొచ్చాడు!" అని అరుస్తాడు. "తాళంచెవి జాగ్రత్త ఒనొరే. గుహతో ఆగదావిడ. మేకలకి కట్టినట్టు నీ మెడలోనూ ఓ గంట కడుతుంది." అందరూ నవ్వారు. నేను టోపీ కిందికి లాక్కున్నాను.

ఇప్పుడు ఇంకోటి. వలాన్స్‌లో ఒక పెద్ద రెస్టారెంటు యజమాని ఆవిడ చీజుల్ని తన బండి మీద, అదే భోజనం చివర బల్లల దగ్గరికి తోసుకొచ్చే చీజుల బండి మీద, పెట్టుకోవాలనుకుంటున్నాడట. మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. ఆయనకి నచ్చితే ఈ ఏడాది చీజులన్నీ ఆయనకే. కుదరకపోతే మేకల్ని అమ్మేయాలంది. అంతవరకు సరే. నన్ను తోడు రమ్మంటోంది. చెల్లెలుంది కదా అన్నాను. "అది పనికిరాదు, మీరే రావాలి," అంది. ఎందుకు పనికిరాదు? నేనెందుకు పనికొస్తాను? వెళ్తాను గానీ గుహ మాటెత్తితే లేచి వచ్చేస్తాను.

నీ తమ్ముడు
ఒనొరే

*

లా కోంబ్, ఏప్రిల్ ఇరవై

అక్కా,

వెళ్ళొచ్చాం. నా అనుమానం తగ్గలేదు సరిగదా, రెండింతలైంది.

నా పెళ్ళి కోటు వేసుకున్నాను. గుండీ పట్టలేదు. లోపల అందరూ చెవిలో చెప్పుకున్నట్టు మాట్లాడుతున్నారు. గొర్రెపిల్ల మాంసం తిన్నాం, మంచిదే. తర్వాత చీజుల బండి వచ్చింది. దాన్ని తోసుకొస్తుంటే చర్చి నుంచి ఊరేగింపు బయల్దేరినట్టుంది. నల్లకోటు ఆయన, "అమ్మగారికి ఏం వడ్డించమంటారు?" అని అడిగాడు. జెర్మెన్ బండి వంక కాదు, నా వంక చూసింది. "ఒనొరే గారు చెప్తారు, నాకూ అవే," అంది. అంతమందిలో నా చేత మాట్లాడించింది! వేలు పెట్టి చూపించాను. లేత మేక చీజు, మెత్తటి ఆవు చీజు, కొండ చీజు, చివర నీలం బూజు మచ్చలది. ఆయన వరసగా పళ్ళెంలో అంచు చుట్టూ పేర్చి, "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టి ఇలా తిరిగి రండి," అన్నాడు. ఎవరికి చెప్తున్నాడు? లేతది ముందు, ఘాటైంది ఆఖర్న. మన దగ్గర పాలపళ్ళు ఊడని పిల్లలకి కూడా తెలుసు.

జెర్మెన్ నీలం ముక్కతో మొదలుపెట్టింది.

నాలుక మీద సూదులు గుచ్చే ముక్క అక్కా అది. రొట్టె లేకుండా నోట్లో వేసుకుని పాలమీగడ తిన్నట్టు మింగింది. కంట్లో నీరు లేదు, మొహంలో మార్పు లేదు. తర్వాత లేత ముక్క తీసుకుని, "ఇదెలా ఉంది మీకు?" అని నన్నే అడిగింది. నల్లకోటాయన కనుబొమలు పైకెత్తాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏమీ తెలియనట్టు నటిస్తోంది, నన్ను పెద్దవాణ్ణి చేసి బుట్టలో వేసుకోవాలని చూస్తోంది అనుకున్నాను.

అప్పుడు యజమానే వచ్చాడు. లావుపాటి మనిషి, మాట నెమ్మది. పీట మీద రెండు చీజులు, రెండూ జెర్మెన్ పంపినవే. "రేపు నా బండి మీద ఏది పెట్టమంటారమ్మా?" అన్నాడు. ఆయన కళ్ళు చూస్తే ఆయనకి ముందే తెలుసనిపించింది. ఆవిడ రెంటినీ ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. చెయ్యి కుడివైపు దానిమీదికి వెళ్తోంది. దాని కంపు నాకు బల్ల ఇవతలికే కొడుతోంది. నాకేమైందో తెలియదు, "అది కాదు," అనేశాను. గది గదంతా విన్నట్టుంది. "ఎందుకు?" అన్నాడాయన. "అది... గడ్డి మార్చని కొట్టం. రెండోది బాగుంది." ఆయన నవ్వి, "మరీ ముగ్గిపోయింది, నిజమే," అని జెర్మెన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. చీజులు తీసుకుంటాడట. ఆవిడ మొహం సున్నంలా ఉంది. అనుకున్న పని జరిగిన మనిషి మొహం అలాగా ఉండేది?

బస్సులో, "మీరు లేకపోతే..." అని ఆపేసింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఫెర్నాన్ ఏమన్నాడో తెలుసా? "అంత పెద్దచోట భోజనం పెట్టించింది, ఇక ఊరికే వదుల్తుందా?" వాడు నిజమే అన్నాడేమోనని నా భయం. ఈసారి ఆవిడొస్తే తలుపు తియ్యకూడదనుకున్నాను. ఇది రాసి పెట్టుకుంటే మాట మీద ఉంటానని రాస్తున్నాను.

నీ
ఒనొరే

*

లా కోంబ్, మే నెల, వానలో

అక్కా,

తలుపు తీశాను. వాన పడుతోంది. ఆడమనిషిని వానలో ఎలా నిలబెడతాను?

కాఫీకని పొయ్యి మీద పాలు పెట్టి, కట్టెల కోసం దొడ్లోకి వెళ్ళాను. ఆవిడ పొయ్యికి వీపు పెట్టి కూర్చుని ఊలు అల్లుకుంటోంది. కట్టెలు ఏరుతుండగానే మాడు వాసన దొడ్లోకొచ్చింది. పరుగెత్తాను, నా మోకాళ్ళతో. గిన్నె అడుగంటి నల్లబడిపోయింది, వంటిల్లంతా కమురు. ఆవిడ అల్లుకుంటూనే ఉంది. "జెర్మెన్! పాలు!" అని అరిచాను. తిరిగి చూసింది. గిన్నె చూసింది. నన్ను చూసింది. సూదులు ఒళ్ళో పెట్టేసి ఏడ్చింది.

అప్పుడు నీలం ముక్క గుర్తొచ్చింది. చెయ్యి ఆ చెడిపోయినదాని మీదికి వెళ్ళడం గుర్తొచ్చింది. అన్నీ ఒక్కసారే.

ఆవిడకి కొత్త సంవత్సరం నాడు వచ్చిన జ్వరం వాసన తెలియడమే ఎత్తుకుపోయిందట. దాంతోపాటు రుచీ పోయింది. ఉప్పు, పులుపు లీలగా తెలుస్తాయి, అంతే. డాక్టరు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. "వాసన తెలియని మనిషి చీజు ఎవరు కొంటారు ఒనొరే గారూ? మా చెల్లెలికి చెప్తే సంతంతా తెలుస్తుంది. మీరైతే ఎవరితోనూ మాట్లాడరు." అందుకా నేనే రావాలంది! గుహ కూడా అందుకే. ఆవిడ నేలమాళిగలో ఒకరోజు వెచ్చన, ఒకరోజు చలి, ముక్కుతో చూసుకోకపోతే పాడైపోతాయి. మన గుహ ఏడాదంతా ఒక్కలాగే ఉంటుంది.

"మరి ముందే చెప్పొచ్చుగా," అన్నాను.

"మీరు గుహే ఇవ్వలేదు. గుట్టు ఇస్తే దాచుకుంటారని నాకేం తెలుసు?"

ఆవిడకీ నా మీద అనుమానమేనన్నమాట. ఇద్దరం నవ్వాం, ఆ కమురు వాసనలో. నాకొక్కడికే తెలిసిన వాసనలో.

తాళంచెవి ఇచ్చేశాను. ఫెర్నాన్, "గంట పడిందా?" అన్నాడు. పడిందన్నాను. ఆవిడ ముక్కు సంగతి మాత్రం నువ్వూ ఎవరికీ చెప్పకు.

ఇప్పుడు నా కష్టం వేరే. పొద్దున్నే గుహలో ఆవిడ చీజు తిరగేసి నా నోటికి అందిస్తుంది. బాగుందంటే ఒప్పుకోదు. "నాకు కనిపించాలి ఒనొరే, చెప్పు," అంటుంది. ఎప్పుడు 'నువ్వు'లోకి వచ్చామో నేను గమనించలేదు. తడిసిన ఉన్ని అన్నాను ఒకరోజు. పచ్చి అక్రోటు తొక్క అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "ఆ, తెలుస్తోంది, ఇంకో రెండు రోజులుంచుదాం," అంటుంది. నా జన్మలో ఇన్ని మాటలు మాట్లాడలేదక్కా. ఉన్నవి అయిపోవస్తున్నాయి.

అందుకే ఈ ఉత్తరం. నిన్నటి చీజులో చివర ఏదో ఉంది. ఉప్పు కాదు, దాని వెనకాల, చల్లగా. నాకు పేరు తెలియలేదు. ఆగమన్నాను ఆవిణ్ణి. పొద్దున్నే కిటికీ తీస్తే మీ సముద్రం ఎలాంటి వాసనొస్తుందో కాస్త వివరంగా రాయి. నేనెప్పుడూ చూడలేదు కదా. అది సముద్రమేమోనని నా అనుమానం.

జవాబు కోసం ఇద్దరం చూస్తుంటాం.

నీ ఒనొరే